కలకండ తీసుకోని వియ్యపురాలు

1938 వేసవిలో తమిళనాట రాజపాళయంలో ఒక రాజుగారి కొత్త ఇంటి లోపలి పూతపనికి నన్ను పెద్ద మేస్త్రీగా వేశారు. అంతవరకు నేను ఇంకొకరి కింద తాపీ పట్టినవాణ్ణే. రాజుగారు మొదట్లోనే షరతు పెట్టారు: హాలు గోడలో ఆయన మొహం కనబడాలి. లేదంటే గీకించి వేరే మేస్త్రీని పెడతారు, నేను మళ్లీ కింది వరుసకు పోతాను.

అది కోడిగుడ్డు పూత. సున్నం, ఇసుక కలిపి ముతక పూత వేసి ఆరనిస్తాం. ఆపైన గవ్వలు కాల్చిన సున్నాన్ని వెన్నలా నూరి, తెల్లసొన కలిపి పలచగా పూసి, నున్నటి రాయితో రుద్దుతాం. మధ్యలో ఆపితే అతుకు కనబడుతుంది. కప్పు లోపలివైపూ ఇదే పని, మెడలు పట్టేసేవి. మిగిలిన పచ్చసొనంతా మాకే కూర. పని ముగిసేసరికి కోడి కూత వింటేనే మాకు కడుపు నిండేది.

రాజుగారు చూడవచ్చిన రోజే వాళ్లమ్మాయి నిశ్చితార్థం. దుమ్ము పడకుండా హాలు తలుపులు మూసే ఉంచాను. ఆయన గోడముందు మీసం దువ్వి, వంగి, నిక్కి చూశారు.

“ఏమప్పా మేస్త్రీ, నా మొగం ఎక్కడప్పా? పెళ్లివాళ్లు పోయినాక గీకించేదే!”

అంతలో ఆయన మేనత్త పక్కతలుపు తోసుకుని వచ్చింది. చేతిలో అతిథుల కోసం చందనం, కుంకుమ, కలకండ పెట్టిన ఇత్తడి తట్ట. చూపు ఆనకపోయినా కళ్లజోడు మాటెత్తితే కస్సుమనే మనిషి. తలుపులోంచి ఎండంతా ఆమె మీద పడింది. ఎదురుగా గోడలో పట్టుచీరతో, తట్టతో ఒకావిడ ప్రత్యక్షమైంది.

“రాండి వదినా! ఎప్పుడు వచ్చినారు? కలకండ ఎత్తుకోండి,” అంటూ అత్తగారు తట్ట చాచింది. గోడలో ఆవిడా చాచింది.

“లేదు లేదు, మీరే ముందు ఎత్తుకోండి!” అంది అత్తగారు.

ఇద్దరూ పట్టు వదల్లేదు. చివరికి అత్తగారికి ఒళ్లు మండింది.

“ఏందిరా ఇది? మన ఇంటికి వచ్చి మనకే కలకండ ఇస్తా ఉంది నీ వియ్యపురాలు!”

తట్ట గోడకు తగిలి ఠంగుమంది. కలకండ నేలంతా దొర్లింది. రాజుగారు నవ్వు ఆపుకోలేక అక్కడే చతికిలబడ్డారు. నా సంతోషం పట్టనలవి కాలేదు, నిచ్చెననే కౌగిలించుకున్నాను. ఆయన లేచి ఎండలో నిలబడి, గోడలో మీసం చూసుకుని, తృప్తిగా మెలేశారు.

అసలు వియ్యపురాలు వచ్చినప్పుడు అత్తగారు ముందు ఆమె చెయ్యి గిల్లి చూసి, ఆ తర్వాతే తట్ట అందించింది.

నిగనిగలాడే గోడను చూపించేటప్పుడు వెలుతురు గోడ మీద కాదు, చూసేవారి మీద పడాలి. ఆ తర్వాత ఏ ఇంట్లోనైనా నేను ముందు పక్కతలుపు తెరిచి, ఆపైనే యజమానిని పిలిచేవాణ్ణి.