రెండో కడియం

నా చిన్నప్పుడు, రెండో ప్రపంచ యుద్ధం ఇంకా నడుస్తున్న రోజుల్లో, కంకిపాడు అవతల మా ఊరి కాలవకి వేసవిలో నీళ్ళు కట్టేశారంటే పిల్లలందరికీ పండగే. అడుగున మిగిలిన గుంటల్లో చేపలు పట్టుకోవచ్చు. ఆ ఏడు మాత్రం మా ఇంట్లో ఎవరూ కాలవ పేరెత్తలేదు. అది నిండుగా పారుతున్నప్పుడు మా తమ్ముడు అందులో పడి చనిపోయాడు. దొరికినప్పుడు ఒక కాలికే వెండి కడియం ఉంది.

నీళ్ళు తగ్గగానే అమ్మ కాలవలోకి దిగి రెండో కడియం కోసం బురద తవ్వడం మొదలుపెట్టింది. అది దొరికితే పిల్లవాడు తిరిగొస్తాడని ఆవిడ నమ్మకం. నాన్న బతిమాలాడు, కోప్పడ్డాడు, చివరికి గట్టు మీద కూర్చుని చూస్తూ ఉండిపోయేవాడు. గాలి సోకిందన్నారు ఊళ్ళోవాళ్ళు. ఇంట్లో నేనొకదాన్ని ఉన్నానన్న సంగతే అమ్మకి గుర్తు లేదు. ఆ బాధ ఎవరితో చెప్పుకోవాలో నాకు తెలిసేది కాదు.

అప్పుడే మా చిన్నమావయ్య, అంటే అమ్మ తమ్ముడు, బెజవాడ నుంచి వచ్చాడు. ఇంటర్మీడియట్ ప్యాసయ్యాడు. అక్క ఇలా అయిపోయిన దగ్గర్నుంచి, మనుషుల మనసు గురించి చెప్పే చదువే చదవాలని పట్టుబట్టాడు. ఆ చదువున్న కాలేజీలు మద్రాసులో రెండు చూసుకున్నాడు. ఒకటి బాగా పేరు మోసింది. అందులోనే చేరమని వాళ్ళ నాన్న, అంటే మా తాతయ్య, పోరు. రెండోదాన్ని ఎవరూ పెద్దగా ఎరగరు. అక్కడ ఒక మేష్టరు విద్యార్థులను పిచ్చాసుపత్రికి తీసుకెళ్ళి రోగుల పక్కన కూర్చోబెడతాడట. పిచ్చివాళ్ళ దగ్గర కూర్చోడానికి అంత దూరం పోవాలా అంటూ మొదలుపెట్టిన మా నాయనమ్మ, కాలవ వైపు చూసి ఊరుకుంది.

నాయనమ్మ అప్పటికే కంసాలి చేత అచ్చం అలాంటి కడియమే చేయించి పెట్టుకుంది. దాన్ని మావయ్య చేతిలో పెట్టి, అమ్మకి దొరికేలా బురదలో పూడ్చి రమ్మంది. నువ్వయితే అనుమానించదు అంది. అతను దాన్ని చొక్కా జేబులో వేసుకుని కాలవకి బయల్దేరాడు. నేనూ వెనకాలే వెళ్ళాను.

మావయ్య పంచె ఎగ్గట్టి, అమ్మ పక్కనే దిగి, తనూ తవ్వసాగాడు. ఎండ మండిపోతోంది. నేను గట్టు మీద నుంచి అతని జేబు వంకే చూస్తున్నాను. ఆ కడియం తొందరగా పడేస్తే బాగుండును, అమ్మ ఇంటికొచ్చేస్తుంది కదా అని నా ఆశ.

చివరికి అమ్మే అడిగింది.

"ఇది దొరికితే బుల్లోడొస్తాడు కదరా?"

"రాడక్కా."

జేబులోంచి కడియం తీసి ఆవిడ అరచేతిలో పెట్టాడు. "ఇది మీ అత్తగారు కొత్తగా చేయించారు. నీకు దొరికేట్టు పూడ్చమన్నారు. నావల్ల కాలేదే."

అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత బురదలో చతికిలబడి గొల్లుమంది. తమ్ముడు పోయాక ఆవిడ ఏడవడం నేను చూసింది అదే మొదలు. మావయ్య ఊరుకోమనలేదు, లేవమనలేదు. తెల్లటి పంచెతో ఆ బురదలోనే ఆవిడ పక్కన కూర్చున్నాడు.

ఆ సాయంత్రం అమ్మ నన్ను దగ్గరికి పిలిచి, అట్టలు కట్టిన జుట్టు చిక్కు తీసి జడ వేసింది. వేస్తూ వేస్తూ మావయ్యని కాలేజీ సంగతి అడిగింది. అంతా విని, "మనుషుల పక్కన కూర్చోబెట్టే దాంటోకే పోరా" అంది. తాతయ్య ఎంత గింజుకున్నా అతను అక్కడే చేరాడు.

అమ్మ పూర్తిగా కోలుకోలేదు. మావయ్య చదువు పూర్తికాకుండానే ఆవిడ విషజ్వరంతో కన్నుమూసింది. మంచాన పడేదాకా నాకు రోజూ జడ వేసింది.

పెద్దయ్యాక నేనూ ఆ కాలేజీలోనే ఆ చదువే చదివాను. ఇప్పటికీ మా వీధి పిల్లలు ఈ చదువుకి ఏ కాలేజీ మంచిదండీ అని అడగడానికొస్తారు. అక్కడ మిమ్మల్ని ఎవరి పక్కన కూర్చోబెడతారో కనుక్కుని రండమ్మా అని పంపిస్తాను. వాళ్ళు వెళ్ళాక, నెరిసిపోయిన నా జడ మీదికి చెయ్యి దానంతటదే పోతుంది.