అమాస నాటి మోట

పారే నీటికన్నా ఊరే నీటికే ఎక్కువ భయపడాలంటాను నేను. అది చప్పుడు చెయ్యదు.

ఇబ్రహీంపట్నం శివారులో జంగమ్మకు ఎకరం మిరపతోట, మోటబావి, జత ఎడ్లు ఉండేవి. మొగుడు పోయాక, ఎడ్లతో తోలుసంచి లాగించి నీళ్లు తోడే ఆ మోట తనే తోలేది. మగవాళ్లు నవ్వితే, మీకన్నా నా ఎడ్లే నయం అనేది. అంత నోరు ఆమెది.

రజాకార్ల రోజుల్లో ఆమె మరిది కిష్టయ్య వాళ్లమీద తిరగబడ్డ సంఘంలో కలిశాడు. తల్లి లేని అతన్ని పసితనం నుంచీ చంకనేసుకుని పెంచింది జంగమ్మే. ఊరి చుట్టూ తుపాకుల కాపలా పడ్డాక అతన్ని బావిగోడలోని గూట్లో దాచింది. బావి నిండితే ఆ గూడు మునిగిపోతుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. రోజూ మోట కొట్టి నీళ్లు దించితేనే అందులో మనిషి బతుకుతాడు.

మోటతోలు అప్పటికే పాడైంది. తొట్టిదాకా వచ్చేసరికి సగం నీళ్లు బావిలోకే కారిపోయేవి. "అతుకు మీద అతుకు ఆగదు జంగవ్వా, కొత్తది కుట్టిస్త" అని తోలుపని బుగ్గయ్య ఎన్నిసార్లో చెప్పాడు. కొత్త మోట ఎక్కిస్తే గట్టున మైసమ్మకు కోడి కొయ్యాలి, ఇరుగుపొరుగును పిలవాలి. వచ్చినవాళ్లు బావిలోకి తొంగి చూడకుండా ఉంటారా? అందుకని రేపు మాపంటూ నెట్టుకొచ్చింది.

ఒక సాయంత్రం తోలు నిలువునా చినిగింది. గూడు మునగడంతో కిష్టయ్య ఆ రాత్రంతా పైకి కనబడకుండా బావిమెట్ల మీద మెడలోతు నీళ్లలో నిలబడ్డాడు. తెల్లారి బుగ్గయ్య రాత్రికి రాత్రే కుట్టిన కొత్త మోట తెచ్చాడు. కోడీ లేదు, మొక్కూ లేదు, జంగమ్మ గబగబా ఎడ్లు కట్టింది. నీళ్లు దిగాయి, మరిది గూట్లోకి దూరాడు. అప్పుడు గుర్తొచ్చింది ఆమెకు, ఆరోజు అమాస అని. అమాసనాడు ఊళ్లో ఎవరూ ఎడ్ల మెడమీద కాడి పెట్టరు.

పటేల్ ఇంటి జీతగాడు మల్లేశయ్య గట్టు మీద ఆగాడు. ఎందుకు కట్టావని అడిగితే, మిరప ఎండుతోందని చెప్పింది. అతను తొట్టిలో నీళ్లు తాగి, తలూపి వెళ్లిపోయాడు. తుపాకులవాళ్లకు అమాస పట్టింపు ఏం తెలుస్తుంది? ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, వాళ్లకు చెప్పింది మనవాడే.

మధ్యాహ్నానికి తుపాకులతో నలుగురు వచ్చారు. తిట్టలేదు, కొట్టలేదు. తామే ఎడ్లను విప్పి నీడకు తోలారు.

"అమాస గద. ఎడ్లను జర దమ్ము తీస్కోనియ్యి" అన్నాడు వాళ్లలో పెద్దవాడు.

బీడీలు ముట్టించుకుని గట్టున కూర్చున్నారు. ఎవరూ బావిలోకి చూడలేదు. జంగమ్మ మాత్రం చూసింది. తడిసిన రాళ్లు ఒక్కొక్కటే నీటికింద మాయమవుతున్నాయి. నీళ్లు గూటి అంచును తాకాక ఇక తట్టుకోలేక గట్టు మీద వంగింది.

"కిష్టా, పైకి రా బిడ్డా."

వదిన పిలిచిందంటే గట్టున ఎవరూ లేరనే కదా. కిష్టయ్య తడిబట్టలు పిండుకుంటూ, నవ్వుతూ మెట్లెక్కి వచ్చాడు.