ఎవరి మాట వారి పేరున

మా పక్కింటి మావ పోయారు. కొత్తవలసలో మా రెండిళ్లకూ మధ్య ఒకటే గోడ. పొద్దున్నే గోడ అవతల వినపడే దగ్గు ఆ రోజు వినపడకపోయేసరికి మా అమ్మ వెళ్లి చూసింది. నిద్రలోనే పోయారట. చుట్టరికం ఏమీ లేదు, ఊహ తెలిసిన నాటి నుంచీ మావ అని పిలవడమే. మీలో చాలామందికి ఆయన తెలియరు. తెలియాలనే ఈ నాలుగు మాటలు.

రైల్వే గూడ్సు ఆఫీసులో పనిచేసి రిటైరయ్యారు. ఖాళీగా కూర్చోలేక, పాత విత్తనాల గురించి పెద్దవాళ్లకు గుర్తున్నవన్నీ రాసుకోవడం మొదలుపెట్టారు. శృంగవరపుకోట కొండ దిగువ ఊళ్లకీ, గజపతినగరం చుట్టుపక్కల పల్లెలకీ తిరిగేవారు. భుజాన గుడ్డసంచి, అందులో నోటుబుక్కు, ఉప్మా డబ్బా. ఒక మనిషికి ఒక పేజీ. పైన పేరు రాయందే కింద ఒక్క ముక్క రాసేవారు కారు. ఎవరు ఏ కబురు తెచ్చినా ముందు అడిగేది ఒకటే: "ఎవులు సెప్పినారు?" కూరలో ఉప్పెక్కువైందని నేనన్నా సరే, "మీ అమ్మ సెప్పిందా, నువ్వే సెప్తన్నావా?" అనేవారు. నాకు ఒళ్లు మండేది.

నేను డేటాబేసుల మీద పనిచేస్తాను లెండి. అందుకని ఆ నోటుబుక్కులన్నీ కంప్యూటర్లోకి ఎక్కించే పని నెత్తినేసుకున్నాను. లింక్డ్ డేటా అని ఒక పద్ధతి ఉంది. ప్రతి సంగతినీ మూడు ముక్కల్లో చెబుతాం: నల్ల చోడి (మా వైపు రాగుల్ని చోళ్లంటాం), విత్తే కార్తె, మృగశిర. ఇలాంటివన్నీ ఒకదానితో ఒకటి అల్లుకుంటే గ్రాఫ్. ఒక్కొక్కరు చెప్పినవి ఒక్కో గ్రాఫ్‌లో వేసి, దానికి ఆ మనిషి పేరు పెట్టొచ్చు. నేమ్డ్ గ్రాఫ్ అంటారు. ఇదంతా చెబితే మావ పడీ పడీ నవ్వారు. "ఇదేటే పాపా, నా నోటుబుక్కే గదా!"

పేర్లయితే పెట్టాను. అడిగే దగ్గరే నా తెలివి తెల్లారింది.

గజపతినగరం దగ్గర గరువు భూమి, అంటే ఎత్తున ఉండే మెట్ట, సాగు చేసుకునే ఒక అప్ప ఉంది. పెద్దక్కని మా వైపు అలాగే పిలుస్తాం. మన నల్ల చోళ్లు, పాతకాలపు రాగులు, ఆవిడ ఇంట్లోనే మిగిలాయి. ఎండిన ఆనపబుర్రలో రెండే రెండు గుప్పెళ్లు. మావ తిరిగిన ఊళ్లలో ఇంకెక్కడా లేవు. ఎప్పుడు జల్లాలో ఆ ఇంట్లో వాళ్ల అత్తకే తెలుసు, ఆ అత్త ఇప్పుడు లేదు. అప్ప మావని అడిగింది, మావ నన్ను అడిగారు. నేను తొందరలో క్వెరీ, అంటే డేటాబేసుని అడిగే ప్రశ్న, రాశాను. ఏ గ్రాఫ్‌లోంచి అన్నది అడగలేదు. అలా అడక్కపోతే మా డేటాబేసు అందరి మాటలూ ఒకే కుప్పగా పోసి జవాబిస్తుంది. గరువులో పండుతుందన్న ముక్క ఒకరిది, మృగశిరకి జల్లాలన్న ముక్క కొండ దిగువ ఊళ్లో ఒక తాతది. రెండూ కలిసి ఒకే వరుసలో వచ్చాయి. గరువులో మృగశిరకి జల్లమని చెప్పేశాను. కొండ కింద వాన ముందే పడుతుంది, గరువులో పడదు. అప్ప జల్లిన గుప్పెడూ మొలకెత్తి మాడిపోయింది.

"ఈ మాట ఏ రైతయినా సెప్తాడేటి?" అని అప్ప ఫోన్లో అరిచింది. "నీ పెట్టెలో నా పేరు రాసినావో, సూడు మరి!"

ఏడ్చాను. మావ గుడ్డసంచి భుజాన వేసుకున్నారు. "ఏడుపెందుకే? పద, ఎవులు ఏటి సెప్పినారో మళ్లీ అడుగుదుం" అన్నారు. అడిగాం. ప్రతి గడపా మళ్లీ ఎక్కి, రాసింది చదివి వినిపించి, తప్పులు దిద్దుకున్నాం. నేను క్వెరీలన్నీ తిరగరాశాను. ఇప్పుడు ప్రతి జవాబు పక్కనా చెప్పిన మనిషి పేరు వస్తుంది. అప్ప ఊరి పక్కనే గరువు సాగు చేసే ఒక ముసలాయన పుష్యమికి జల్లాలని చెప్పిన సంగతి అలాగే తేలింది. మావే వెళ్లి ఆవిడకి చెప్పొచ్చారు. మిగిలిన గుప్పెడు మరుసటేడు పుష్యమికి జల్లింది, పండింది. విత్తనం బతికింది. అప్ప నాతో మాత్రం మాట్లాడలేదు.

మావ ఆవిడ పేరున ఒక గ్రాఫ్ పెట్టించారు, ఖాళీగా. ఆవిడకి తెలిసింది ఆవిడతోనే పోకూడదని ఆయన బెంగ. "వస్తాది లేవే, ఆ మనిసి వస్తాది" అనేవారు. చూడకుండానే పోయారు.

పెద్దకర్మ నాడు అప్ప వచ్చింది. మావ ఫొటోకి దండం పెట్టి, తిన్నగా నా పక్కకొచ్చి కూర్చుంది.

"ఆ పెట్టె తియ్" అంది.

లాప్‌టాప్ తెరిచాను. ఆవిడ పేరున ఉన్న ఖాళీ గ్రాఫ్ తీశాను. విత్తనం ఎలా దాచిందో చెబుతుందనుకున్నాను.

"రాయి. నల్ల చోడి గరువులో మృగశిరకి జల్లితే మాడిపోతాది. నాను జల్లినాను, నాకు తెలుసు. ఇంకెవులూ ఆ తప్పు సెయ్యకూడదు."

నా ఊసు ఎక్కడా ఎత్తలేదు. తప్పు నాది, వేసుకున్నది తన పేరు మీద. దాని తర్వాతే పుష్యమి సంగతి, ఆనపబుర్ర సంగతి, బూడిద కలిపి దాచే సంగతి అన్నీ చెప్పింది.

క్వెరీ నడిపాను. కొండ దిగువ తాత జల్లమన్న వరుస, అప్ప వద్దన్న వరుస, ఒకదాని కింద ఒకటి వచ్చాయి. పక్కనే ఇద్దరి ఊళ్లు, ఇద్దరి పేర్లు.

"సదువు" అంది.

చదవడం మొదలుపెట్టాను. అప్ప తన పేరు ఎక్కడుందో అడిగి, అక్కడ చూపుడువేలు ఆనించి, నేను ఆఖరి ముక్క దాకా చదివేవరకూ తియ్యలేదు.