చివరి పేజీ మీద పసుపు బొట్లు

ఉదయం ఏడు గంటలకు గౌలిగూడ బస్టాండులో బీదరు బస్సెక్కాను. ఒళ్లో గుడ్డసంచి, అందులో ప్రవక్త మాటలు రాసిన చేతిరాత హదీసు గ్రంథం. పోలీస్ యాక్షన్ నాటి గడబిడలో మా పక్కింటి మౌల్వీ సాబు కుటుంబంతో బీదరు విడిచి వెళుతూ దాన్ని దాచమని మా అమ్మ చేతిలో పెట్టారు. తర్వాత మేమూ హైదరాబాదు చేరాం. ఆయన పోయారనీ, కూతురు హమీదా ఆపా మళ్లీ బీదరులోనే ఉంటోందనీ ఈమధ్యనే తెలిసింది. అమ్మకు మోకాళ్ల నొప్పులు. "ఆమె చేతులనే పెట్టిరా" అని నన్ను పంపింది.

బయల్దేరే ముందు మూట విప్పి చూడకపోతే నిశ్చింతగా వెళ్లేవాణ్ని. నిజాం కాలపు బడిలో ఉర్దూ చదివాను కాబట్టి అక్షరాలు తెలుసు, అరబ్బీ అర్థం కాదు. మందపాటి కాగితం గోధుమరంగుకు తిరిగింది. నల్లసిరా వరుసల మధ్య 'హద్దసనా' అన్న మాట మాత్రం ఎర్రసిరాలో ఉంది. 'మాకు చెప్పాడు' అని దానర్థమని మౌల్వీ సాబే చిన్నప్పుడు చెప్పారు. పేజీలకు అంకెల్లేవు. ప్రతి పేజీ అడుగున ఏటవాలుగా ఒక మాట, తర్వాతి పేజీ ఆ మాటతోనే మొదలు. అంచుల నిండా పురుగు తొలిచిన బెజ్జాలు. చివరి పేజీలో వరుసలు పోనుపోను చిన్నవై, కొసన రాసినాయన పేరు. ఆ పేరు చుట్టూ పసుపు బొట్లు, వాటి మీద కుంకుమ!

మాది కిరాణా వ్యాపారం. దసరాకు లెక్కల పుస్తకాల మొదటి పేజీకి బొట్టు పెట్టడం మా ఆచారం. అమ్మ ఏటా ఈ కితాబునూ వాటి సరసనే పెట్టింది. దీన్ని కుడివైపు నుంచి తెరవాలని ఆమెకు తెలియదు. మన పుస్తకంలాగే తెరిచి, చివరి పేజీని మొదటిదనుకుంది.

జహీరాబాదులో అందరూ చాయ్‌కి దిగారు. నేను సంచి పట్టుకుని కూర్చునే ఉన్నాను. పక్కసీట్లోని బగ్దల్ ఊరి రైతు అడిగాడు.

"అన్నా, సంచి కింద పెట్టరాదు? చేతులు గుంజుతలేవా?"

"కింద పెట్టేది కాదు."

"దేవుని పటమా?"

అవునన్నట్టు తలూపాను. ఇంకేమైనా అడుగుతాడేమోనని కిటికీ వైపు తిరిగాను.

పదకొండు దాటాక బీదరులో దిగి, చౌబారా బురుజు వెనక సందులో ఇల్లు పట్టుకున్నాను. హమీదా ఆపా కళ్లకు పొర కమ్మింది. నా పేరు చెప్పగానే గుర్తుపట్టింది. పుస్తకం అందుకుని, తోలు అట్ట మడత రెక్కను వేళ్లతో తడుముతూ ఏడ్చింది. నేను నోరు మెదపకపోతే ఆ మరకలు ఆమెకు కనబడవు. కానీ రేపు ఎవరైనా చదివిపెడితే? అంతా చెప్పేశాను.

"ఏ పేజీల?" అంది.

"ఆఖరి పేజీల ఆపా. పేరున్న కాడ."

"అది మా దాదా పేరు, అబ్బా వాళ్ల నాయన. ఆయన చేతిరాతే ఇదంత."

"తుడిపియ్యనా?" అన్నాను.

"వద్దొద్దు. తడి తగిలితె సిరా పోతది." పుస్తకాన్ని ఒళ్లో పెట్టుకుంది. తర్వాత అడిగింది: "నమాజుకు చేసినట్టు వుజూ చేసి, కాళ్లుచేతులు కడుక్కోనిదే మా అబ్బా దీన్ని ముట్టనియ్యకపోతుండె. మీ అమ్మ తానం చేసి ముట్టిందా?"

"తలకు పోసుకోకుండ ఏనాడు ముట్టలే. మమ్ముల దగ్గరికే రానియ్యకపోతుండె."

ఆమె పుస్తకాన్ని కళ్లకద్దుకుంది. "అయితె సరే. గాని బొట్లు ఇగ చాలని చెప్పు."

బీదరు వెళ్లినవాళ్లంతా కోట చూస్తారు. నేను చూడకుండానే మూడింటి బస్సెక్కాను. పొద్దున్నుంచీ ఏమీ తినలేదని అప్పుడు గుర్తొచ్చి బఠానీలు కొనుక్కున్నాను. మనసు తేలికపడింది గానీ పూర్తిగా కాదు, ఆ మరకలు ఇక పోవు. ఇంటికెళ్లగానే ఆపా ఏమన్నదని అమ్మ అడుగుతుంది. తానం చేసి ముట్టినవా అని అడిగిందని చెబుతాను. చేయకుండా ముడతానా అని అమ్మ గయ్యిమంటుంది. ఆ కోపం ఎప్పుడెప్పుడు విందామా అని ఉంది.