సువార్తక్క కొన్న గిన్నె

ఎండు ద్రాక్ష ఉడుకుతుంటే మొదట బెల్లం పాకం వాసన వస్తుంది. లవంగాలు వేశాక కాస్త ఘాటెక్కుతుంది. ఏటా డిసెంబరులో మా వంటింట్లోంచి ఆ వాసన రాగానే నాకు సలాలా గుర్తొస్తుంది. సలాలా అంటే నాకు సువార్తక్కే. పొయ్యి మీద ఉన్నదీ ఆవిడ కొన్న గిన్నే. తెల్లటి పింగాణీ పూత, అంచు చుట్టూ నీలం గీత, రెండు చెవులు. తెలుపు పసుపెక్కింది గానీ ఎక్కడా పెచ్చు ఊడలేదు. "పాతదైపోయింది అత్తయ్యా, కొత్తది కొందామండీ" అంటుంది మా కోడలు ప్రతి ఏడూ. నేను విననట్టే ఉంటాను.

డెబ్బైల నడుమ అరబ్బు దేశంలోని సలాలాలో ఒక ఆసుపత్రిలో నర్సుగా చేరాను. క్వార్టర్స్‌లో ఒకే రూమ్‌లో ముగ్గురం ఉండేవాళ్లం: సువార్తక్క, రాణి, నేను. అక్కది భీమవరం వైపు. మా ఇద్దరికంటే చాలా పెద్దది, భర్త పోయాక ఒంటరిగా వచ్చింది. ఎవరేం అడిగినా సరేనని తలూపే స్వభావం నాది. ఒకరి డ్యూటీ నాది, ఇంకొకరి బజారు పని నాది. అక్క అది చూసి విసుక్కునేది గానీ నాకు నీతులు చెప్పిన గుర్తు లేదు. ఆవిడకంటూ ఒక్కటే కొరత ఉండేది. సలాలా వచ్చినప్పటి నుంచీ ప్రభువు బల్ల తీసుకోలేదు. రొట్టె, ద్రాక్షరసం ఆశీర్వదించి ఇవ్వడానికి అక్కడ పాదిరిగారు లేరు. "నేనిక్కడే పోతే బల్ల తీసుకోకుండానే పోతానేమోనే" అని ఒకసారి నాతో అంది. సరదాగా అనలేదు.

ఆ ఏడు మస్కట్ నుంచి ఒక పాదిరిగారు క్రిస్మస్‌కు ముందు శుక్రవారం వస్తారని కబురొచ్చింది. రసం మాత్రం మీరే చేసి పెట్టుకోవాలన్నారు. పులియబెట్టే రసం గనక ఆసుపత్రి పెద్ద డాక్టరుగారిని అడిగితే, క్వార్టర్స్ గోడ దాటనంత వరకూ మీ ఇష్టమన్నారు. ఇక మిగిలిందల్లా, చేయడం మాలో ఎవరికీ రాకపోవడమే! అక్క చిన్నప్పుడు వాళ్లమ్మ చర్చి కోసం ఎండు ద్రాక్ష కాచి, చల్లార్చి, జాడీలో పులియబెట్టేదట. ఆ జ్ఞాపకం ఒక్కటే మాకు ఆధారం.

గిన్నె కోసం బజారుకు వెళ్లాం. గుజరాతీ సేఠ్ కొట్టులో పెద్ద అల్యూమినియం డేగిసా చూసి నేను ఆగిపోయాను. "ఇదైతే ఒక్క కాపుకే అందరికీ సరిపోద్దక్కా. రైసూత్ పోర్టులో పనిచేసే మనవాళ్లు కూడా వస్తారుగా" అన్నాను. "లే లో సిస్టర్, సస్తా హై" అన్నాడు సేఠ్.

"పులుపు తగిల్తే అల్యూమినియం నల్లబడుద్ది. ఇత్తడికి కళాయి పోతే అంతే సంగతులు. స్టీలు కొనే తాహతు మనకి లేదు" అంది అక్క. పింగాణీ పూత గిన్నెలు దింపించి, లోపల అంచు నుంచి అడుగు దాకా వేలు తిప్పుతూ పెచ్చు లేచిందేమో చూసింది. వార్డులో పూత ఊడిన బేసిన్లకు తుప్పు ఎలా పడుతుందో మాకు తెలుసు. చివరికి రెండు మిగిలాయి. నేను పెద్దదాని వైపు చూపించాను. అక్క సేఠ్‌ని నీళ్లడిగింది.

"పీనే కా పానీ?" అన్నాడాయన.

"నహీ భాయ్, ఇస్‌మే డాలో."

ఆయన గొణుక్కుంటూనే పెద్ద గిన్నె నిండా నీళ్లు పోయించాడు. "ఎత్తు" అంది అక్క నాతో. మోకాళ్ల దాకా లేపానో లేదో, సగం నీళ్లు సేఠ్ చెప్పుల్లోకి పోయాయి.

"ఖాళీ గిన్నె ఎవరైనా ఎత్తుతారే. సలసల కాగేదాన్ని దించేదెవరు, మీ నాన్నొస్తాడా?" అని చిన్న గిన్నె తీసుకుంది. "రెండుసార్లు కాస్తే ఏం పోయింది?"

రెండుసార్లే కాచాం, రెండు జాడీల్లో పోసి, రొట్టెలోకి వేసే ఈస్టు చిటికెడు వేసి, గుడ్డ కట్టాం. శుక్రవారం ముందురోజు మొదటి జాడీ గుడ్డ విప్పితే ఆపరేషన్ థియేటర్ వాసన గుప్పుమంది. శుభ్రంగా ఉండాలని రాణి ఆ జాడీని వార్డు లోషన్‌తో కడిగిందట! నర్సు బుద్ధి ఎక్కడికి పోతుంది? రాణి భోరుమంది. "ఏడవకే, దీన్ని ఎవరికైనా పట్టిస్తే కడుపులో పురుగులన్నీ చస్తాయిలే" అంది అక్క. కానీ రెండో జాడీ ముడిని మమ్మల్ని దగ్గరకు రానీయకుండా ఆవిడే విప్పింది. అది వేడినీళ్లతో అక్కే కడిగిన జాడీ. మంచి వాసన వచ్చింది. అక్క జాడీ పక్కనే నేలమీద కూలబడి, కొంగుతో మొహం కప్పుకుంది. పెద్ద గిన్నె కొని ఒకేసారి కాచి, ఒకే జాడీలో పోసి ఉంటే, ఆ ఒక్క కాపూ లోషన్ పాలయ్యేది.

మర్నాడు మా రూమ్‌లోనే ఆరాధన. పోర్టు వాళ్లు కూడా రావడంతో రసం తలా ఒక చెంచా వచ్చింది. అక్క చెంచా అందుకుని, ఖాళీ అయ్యాక కూడా దాన్ని పెదవుల దగ్గరే పట్టుకుంది. ఆవిడంటే నాకెంత ప్రేమో ఆ రోజే తెలిసింది.

తర్వాత నేనెవరికైనా సరేనంటే చాలు, అక్క "నీళ్లు పోసి చూశావా?" అనేది. డ్యూటీలు మీద వేసుకోవడం అలా తగ్గింది. వార్డు ఇన్‌ఛార్జిగా ఉండమన్నప్పుడు నేను భయపడి వద్దంటున్నా అదే మాట అడిగింది. "చూడకుండానే బరువంటావేంటే?" అంది. చూశాను, మోయగలిగాను. అక్క ఇండియాకు తిరిగి వెళ్లిపోయే రోజు, పెట్టె సర్దడం అయ్యాక ఈ గిన్నె నిండా నీళ్లు పట్టి నా ముందు పెట్టింది.

"ఎత్తు."

ఎత్తాను.

"బరువుందా?"

"ఉందక్కా."

"ఎత్తావుగా. ఇక నీదే."

ఇవాళ పొద్దున అలవాటుగా నీళ్లు పోసి చూశాను. గిన్నె గట్టు వదల్లేదు. మణికట్లు ఒప్పుకోలేదు. ఏడుపొచ్చింది. తర్వాత కోడల్ని పిలిచి ద్రాక్ష పొయ్యెక్కించమన్నాను. ఇప్పుడు రసం చిక్కబడింది. కోడలు రెండు చెవులకూ గుడ్డలు చుట్టి, చుక్క ఒలకకుండా ఒక్కతే దించింది.

"ఎక్కడ పెట్టమంటారు అత్తయ్యా?"

"నీ ఇష్టమొచ్చిన చోట పెట్టుకోమ్మా" అన్నాను.