ఇదే ఫైనల్ తాబేలు

“…పారేశానని ఎవరన్నారు? ఒకే పేరుతో రెండుంటే ఒకటి తీసేశాను. అంతే కదా వదినా!”

“తీసేముందు తెరిచి చూశావా?”

“చూశాను. రెండూ తాబేళ్ళే.”

“రెండూ తాబేళ్ళేనట! విన్నారా, మీ చెల్లెలి మాట?”

గుమ్మంలో చెప్పులు విడుస్తున్న భర్త విననట్టే మొహం పెట్టాడు. ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. రోజంతా పైకీ కిందికీ తిరిగొచ్చిన మనిషికి, ఇంటికొచ్చాక పెళ్ళానికీ చెల్లెలికీ మధ్య ఇరుక్కునే ఓపిక లేదు. “తాబేలేగా, ఎంత దూరం పోతుంది? ఈపాటికి వీధి మలుపు కూడా తిరిగుండదు,” అని తువ్వాలు భుజాన వేసుకుని స్నానానికి వెళ్ళిపోయాడు. ఆ మాటకు ఇద్దరిలో ఎవరూ నవ్వలేదు.

పిల్లల పుస్తకాలు వేసే ఆఫీసులో ఆ వదినను బొమ్మలమ్మ అంటారు. బయట కూడా ఆ పేరే స్థిరపడింది. ఆమె మొదట గీసింది పిల్లల బొమ్మలు కాదు, పాఠ్యపుస్తకాల్లోకి కప్ప గుండె, గింజ మొలక, బావి గిలక. కప్ప గుండెకు ఎన్ని గదులో తెలిసిన మనిషికి కప్పను నవ్వించడం రాకపోతుందా అని అప్పటి ఎడిటరు ఒక కథ చేతిలో పెట్టాడు. అక్కడినుంచి కాకులు, ఎలుకలు, గొడుగులు పట్టుకున్న ఏనుగులు. కాగితం రోజుల్లో ఆమె దగ్గర ఒక్క బొమ్మ కూడా పోలేదు. ఇనప బీరువా కింది అరలో ఖాకీ కవర్లు, ప్రతి బొమ్మ వెనకా పెన్సిల్‌తో పుస్తకం పేరు, పేజీ. ప్రెస్సునుంచి తిరిగొచ్చిన బొమ్మ మీద టీ మరక ఉంటే అది ఎవరి కప్పో కూడా చెప్పేది.

తర్వాత ఒకరోజు కాగితం మీద గీసినవి ఇక తీసుకోం అన్నారు. ఆమె ఒక కంప్యూటరూ, దానికి తగిలించి గీసే పలకా, పలక పెన్నూ కొనుక్కుంది. బిగించడానికి వచ్చిన కుర్రాడు ఆన్ చేయడం, ఆపడం చూపించి, “కరెంటు పోతే అంతా పోద్ది మేడమ్, మధ్యమధ్యలో సేవ్ కొడుతుండండి,” అని చెప్పి వెళ్ళాడు. ఆమె నేర్చుకున్న మొదటి పాఠం అదే. నాలుగు గీతలకోసారి సేవ్ కొట్టేది. పొయ్యి కట్టేశానో లేదో అని మళ్ళీ మళ్ళీ చూసుకునేవాళ్ళలా, లేచి వెళ్ళబోతూ వెనక్కి వచ్చి ఇంకోసారి కొట్టేది.

ఆ కొత్త పలక మీద చేసిన మొదటి పుస్తకమే తాబేలు. అరచేతిలో పట్టేంత పుస్తకం. డిప్పమీద చిన్న బీట, నిద్రమొహం, నడవడం ఇష్టంలేని నడక. పిల్లలకు నచ్చింది. తాబేలు బడికెళ్ళింది, తాబేలు పడవెక్కింది, వానలో తడిసింది. ఏడాదికొకటి చొప్పున వస్తూనే ఉన్నాయి. బజారులో పిల్లలు, ఆమె ఎవరో తెలియకపోయినా, ఆమె తాబేలును గుర్తుపట్టేవాళ్ళు.

మొన్న ఎడిటరమ్మ ఫోన్ చేసింది. మొదటి తాబేలును పెద్ద సైజులో వేస్తారట. తరగతిలో పంతులమ్మ నిలబడి పట్టుకుంటే వెనక వరసలో పిల్లలకు కూడా బొమ్మ కనిపించాలి. “మా దగ్గరున్నవి చిన్నవండీ, సాగదీస్తే పనికిరావు. మీ దగ్గర పెద్ద ఫైళ్ళు ఉన్నాయి కదా?”

“ఉండకేం! ఉన్నాయి,” అంది బొమ్మలమ్మ, వెతకకుండానే.

“లేకపోయినా ఇబ్బంది లేదులెండి. మళ్ళీ అన్ని పేజీలు గీయాలంటే మీ చెయ్యి బాగాలేదు కదా. మాకో కొత్తమ్మాయి వచ్చింది, అచ్చం మీ గీతే గీసేస్తుంది. పేరు మీదే వేస్తాం. ఎవరికీ తెలీదు.”

ఆ చివరి రెండు ముక్కలూ ఆమెకు చేపముల్లులా గొంతులో దిగాయి. సోమవారం పంపిస్తానని చెప్పి ఫోన్ పెట్టేసింది. బొటనవేలి మొదట్లో నొప్పికి డాక్టరు బిగించిన పట్టీని విప్పి, మళ్ళీ బిగించుకుని, కంప్యూటరు ముందు కూర్చుంది. అప్పటినుంచి వెతుకుతూనే ఉంది. ఈ శనివారం సాయంత్రానికి వెతకడం పోయి పోట్లాట మిగిలింది.

పోట్లాటకు కారణం లేకపోలేదు. ఆడపడుచు మందుల షాపు కౌంటరులో పనిచేసేది. ఆ షాపు మూతపడ్డాక అన్నగారింటికి వచ్చి ఉంటోంది. చేతులూరుకోని మనిషి. వచ్చిన వారానికి వంటింటి డబ్బాలన్నీ వరస మారాయి. నెల తిరిగేసరికి కన్ను కంప్యూటరు మీద పడింది. తెర నిండా ముగ్గు చల్లినట్టు ఫైళ్ళు: తాబేలు, తాబేలు ఫైనల్, తాబేలు ఫైనల్ కొత్తది, ఇదే ఫైనల్, ఇదే ఫైనల్ ఎడిటరు మార్పుతో, ఉత్తినే అఅఅ. కొత్త ఫోల్డరు తెరిస్తే అందులో ఇంకో కొత్త ఫోల్డరు.

“మా షాపులో ఇలా పెడితే పొద్దున జ్వరంతో వచ్చినవాడు సాయంత్రం విరేచనాలతో వస్తాడు,” అంది అప్పట్లో. “సీసా మీద పేరొకటి, లోపల మందొకటి ఉండకూడదు వదినా. లోపల మందు అయిపోతే చీటీ కూడా చింపెయ్యాలి. మా ఓనరు రోజూ చదివే మంత్రం అది.”

బొమ్మలమ్మకు అది సబబుగానే తోచింది. సర్దమంది. ఆడపడుచు తేదీలవారీగా సర్దింది, ఒకే పేరువి రెండేసి ఉంటే ఒకటి తీసేసింది, చివర్లో చెత్తబుట్ట కూడా ఖాళీ చేసి చేతులు దులుపుకుంది. అప్పుడు ఇల్లంతా ఊడ్చినట్టు హాయిగా ఉందనుకున్నారు ఇద్దరూ.

“నువ్వు ఊడ్చిందాంట్లోనే పోయింది,” అంది ఇప్పుడు బొమ్మలమ్మ.

“పోతే పోయిందను. నేను పారేశానని మాత్రం అనకు. పాతదానికీ కొత్తదానికీ ఒకే పేరు పెట్టిందెవరు?”

“నా తాబేలు. నా ఇష్టమొచ్చిన పేరు పెట్టుకుంటా.”

“పెట్టుకో తల్లీ. అందరి పిల్లలకూ చిట్టి అనే పెట్టుకుని, పిలిస్తే ఏ చిట్టీ పలకలేదని ఏడువు.”

మెయిళ్ళలో వెతికితే అప్పట్లో ఆఫీసుకు పంపినవి దొరికాయి. అన్నీ మెయిల్లో పట్టేలా కుదించినవే. పెద్దది చేస్తే డిప్ప అంచు మెట్లు మెట్లుగా విరిగింది, కన్ను నాలుగు నల్ల గళ్ళు అయింది. బొమ్మలమ్మ కళ్ళజోడు తీసి చీర చెంగుతో తుడుచుకుంది. తుడిచినా గళ్ళు గళ్ళుగానే ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది, పెన్‌డ్రైవ్. నిరుడు కంప్యూటరు రిపేరుకిచ్చే ముందు అన్నీ అందులోకి ఎక్కించింది. నిరుడు! అంటే ఆడపడుచు ఈ ఇంట్లో అడుగుపెట్టకముందు. కుట్టుమిషన్ సొరుగులో బొత్తాల డబ్బా అడుగున దొరికింది. దాన్ని పట్టుకుని వస్తుంటే నడకలో ఎన్నాళ్ళుగానో లేని చురుకు వచ్చింది.

“ఇప్పుడు తేలుతుంది, ఎవరి నిర్వాకమో.”

“తేలనీ. నేనూ ఇక్కడే కూర్చుంటా,” అని ఆడపడుచు ముక్కాలిపీట లాక్కుంది.

మొదటి పుస్తకం పేజీల పేర్లన్నీ వరసగా ఉన్నాయి. తాబేలు ఒకటి, తాబేలు రెండు, తాబేలు మూడు. ఒక్కటీ పోలేదు. బొమ్మలమ్మ మొదటిది తెరిచింది.

తాబేలు గొడుగు పట్టుకుని ఉంది.

గొడుగు మొదటి పుస్తకంలోది కాదు. వాన పుస్తకంలోది, అన్నిటికన్నా చివరిది. రెండోది తెరిచింది, వాన. మూడోది, వానే. ఇంకా నాలుగైదు తెరిచాక ఆపేసింది.

కాగితం రోజుల్లో అద్దం బల్ల ఉండేది. కింద బల్బు వెలిగించి, అద్దం మీద పాత బొమ్మ పెట్టి, దానిమీద కొత్త కాగితం పరిచి, అదే తాబేలును మరో పనిలో గీసుకునేది. పాతది పాతదిగా కవరులోకి వెళ్ళిపోయేది. ఇక్కడా అదే చేశాననుకుంది. పాత పుస్తకం ఫైలు తెరిచి, తాబేలు చేతిలో పలక తీసేసి తెడ్డు పెట్టి, తెడ్డు తీసేసి గొడుగు పెట్టి, నాలుగు గీతలకోసారి భయంగా సేవ్ కొట్టింది. ప్రతి పుస్తకమూ దాని ముందు పుస్తకాన్ని తినేసింది.

“కొత్త కాగితం తీసుకోవడం మర్చిపోయాను,” అంది.

“ఏ కాగితం?”

“అదే. ఇన్నేళ్ళూ ఒక్క కాగితం మీదే గీశాను. పారేసింది నువ్వు కాదులే,” అంది.

ఆడపడుచు పీట దగ్గరికి జరుపుకుంది. “లోపల పొరలుంటాయంటావుగా? అడుగున ఏమైనా మిగిలిందేమో చూద్దాం. మా సీసాల్లో కూడా ఎంత వంచినా అడుగున కాస్త ఉండేది.”

ఫైలులో బొమ్మ ఒక్క కాగితం కాదు, ఒకదానిమీద ఒకటి పరిచిన పలుచని పొరలు. లేయర్లు. ఒక్కోదాని పక్కన చిన్న కన్ను గుర్తు ఉంటుంది. కన్ను మూస్తే ఆ పొర మాయం, తెరిస్తే ప్రత్యక్షం. దేనికీ పేరు లేదు. లేయర్ తొమ్మిది, లేయర్ తొమ్మిది కాపీ, లేయర్ తొమ్మిది కాపీ రెండు. ఏ కన్ను వెనక ఏముందో గీసిన మనిషికే తెలియదు. ఆడపడుచు మౌస్ పట్టుకుని ఒక్కో కన్నూ మూస్తూ, తెరుస్తూ పోయింది, బొమ్మలమ్మ చూస్తూ కూర్చుంది.

గొడుగు పోయింది. వాన పోయింది. ఒక బాతుకాలు వచ్చింది, బాతు లేదు. సగం చంద్రుడు. ఎడిటరమ్మ వద్దన్న నిచ్చెన. ఆ నిచ్చెన, తన అమ్మ ఆసుపత్రిలో ఉన్నప్పుడు, వరండాలో బల్ల మీద కూర్చుని ఆలోచించింది. ఇంటికొచ్చి గీసేసరికి అమ్మ లేదు, నిచ్చెనా వద్దన్నారు. ఒక టోపీ. ఆ ఏడాది ఆయన లిఫ్టు గుంటలో పడి కాలు విరగ్గొట్టుకుని మంచం మీద ఉన్నాడు, టోపీ బాగుందన్నది ఆయనొక్కడే.

“ఇన్ని దాచావు, అసలుది దాచలేదు,” అంది ఆడపడుచు, ఎత్తిపొడుపు లేకుండా.

“అప్పట్లో కంప్యూటరు కదిలేది కాదు. పొరలు ఎక్కువైతే మొరాయించేది. ఒకదాన్లో ఒకటి కలిపేసేదాన్ని. తాబేలూ, గడ్డీ, రాయీ అన్నీ ఒకే ముద్ద.”

అన్నిటికన్నా అడుగున ఒక కన్ను మిగిలింది. తెరిస్తే తెర మధ్యలో బూడిదరంగు మరక.

“ఇదేంటి, చిందిందా?”

బొమ్మలమ్మ ముందుకు వంగింది. “నీడ. మొదటి పుస్తకంలోది. తల చూడు, పెద్దగా ఉంది. తర్వాత తల తగ్గించమన్నారు.”

స్నానం చేసి వచ్చిన భర్త తల తుడుచుకుంటూ వెనక నిలబడ్డాడు. “దొరికిందా?”

“నీడ దొరికింది అన్నయ్యా.”

“మరి తాబేలు కూడా నీడ పక్కనే ఉంటుంది, చూడండి,” అన్నాడాయన. భార్య మొహం చూసి, ఆ మాట అక్కడితో ఆపి, టీ పెడతానని వంటింట్లోకి వెళ్ళాడు.

“నీడుందిగా వదినా. దానిమీద మళ్ళీ గీసెయ్. కాగితం కొత్తది తీసుకో ఈసారి,” అని ఆడపడుచు తనే ఒక కొత్త పొర తెరిచి, పెన్ను చేతికిచ్చింది.

బొమ్మలమ్మ డిప్ప వంపు గీసింది. బొటనవేలు దగ్గర చురుక్కుమని గీత వణికింది. చెరిపి మళ్ళీ గీసింది. ఈసారి వంపు సాఫీగా వచ్చింది, వాన పుస్తకంలో వచ్చినంత సాఫీగా. చెరిపింది. నిద్రమొహం గీసింది. చూస్తే అలిసిన మొహం వచ్చింది, నిద్రమొహం కాదు. డిప్పమీద బీట ఎటువైపు ఉండేదో చెయ్యి చెప్పలేదు. పుస్తకం తెచ్చి పక్కన పెట్టుకుంది. చూసి గీస్తే చూసి గీసినట్టే వచ్చింది.

“బాగానే ఉందిగా,” అంది ఆడపడుచు. తర్వాత నిజాయితీగా, “దాని మనవడిలా ఉంది,” అంది.

బొమ్మలమ్మకు నవ్వొచ్చింది గాని, పూర్తిగా రాలేదు. పెన్ను బల్లమీద పెట్టి, పట్టీ విప్పి, వేలు రుద్దుకుంది. టీ వచ్చింది. భర్త చక్కెర ఎక్కువ వేశాడు. ముగ్గురూ దాన్నే తాగారు. తెరమీద నీడా, దానికి కాస్త ఎడంగా కొత్త డిప్పా అలాగే ఉన్నాయి.

“దీనికేం పేరు పెట్టను?” అంది ఆడపడుచు, మౌస్ మీద చెయ్యి వేసి. “సేవ్ చేయాలిగా?”

“నీడకు నీడ అనే పెట్టు. తేదీ వెయ్యి. మిగతాది చెరిపెయ్.”

ఆడపడుచు అలాగే చేసింది. కొత్త డిప్ప పోయింది.

కప్పు కింద పెట్టి బొమ్మలమ్మ ఫోన్ అందుకుంది. “సోమవారమన్నావుగా, రేపొక్కరోజు చూడకూడదా?” అన్నాడు భర్త. ఆమె అప్పటికే నెంబరు నొక్కేసింది.

“ఫైళ్ళు లేవండీ,” అంది, అవతల పలకరింపు పూర్తికాకుండానే.

“అయ్యో. ఉన్నాయన్నారుగా?”

“అన్నాను. చూడకుండా అన్నాను. లేవు.”

“పోనీలెండి, బాధపడకండి. కొత్తమ్మాయి సిద్ధంగా ఉంది. చెప్పానుగా, పేరు మీదే ఉంటుంది.”

బొమ్మలమ్మ తెరవైపు చూసింది. ఆడపడుచు పొరలన్నీ మూసేసి, ఆ ఒక్క కన్నే తెరిచి ఉంచింది.

“ఆ అమ్మాయి చేతే గీయించండి. తాబేలు నీడ ఒకటుంది, పంపిస్తాను, తల కొలతకు పనికొస్తుంది,” అంది. “అట్టమీద నా పేరు తీసేసి ఆ అమ్మాయి పేరు వెయ్యండి.”