గుండ్రని తొట్ల బొమ్మ

పోలీసు చర్య జరిగిన కొన్నేళ్లకు, ఆదిలాబాద్ పోయే బస్సులో నా పక్క సీటు ఖాళీగా ఉన్నా ఒకాయన నిలబడే ఉన్నాడు. కరీంనగర్‌లో మురికినీళ్ల మోరీల్లోకి దిగి పూడిక తీసే పని అట. చెత్తలో దొరికిన ఇంగ్లీషు పత్రిక కాగితాన్ని నా చేతికివ్వకుండా సీటు మీద పెట్టి, "జర చదివి చెప్పుండ్రి సారూ" అన్నాడు.

జర్మనీలో ఊరి మురికినీళ్లను యంత్రాలతో శుభ్రం చేసే గుండ్రని తొట్ల బొమ్మ అది. చదివి చెప్పాను.

"అండ్ల మనిషి దిగడా?"

"దిగడు."

ఆయన చాలాసేపు ఆ బొమ్మనే చూశాడు. "గట్లయితె ఆళ్లు ఇంటికి రాంగనే బిడ్డను ఎత్తుకుంటరు గావచ్చు. నేనెంత కడుక్కున్నా నా బిడ్డ ముక్కు మూసుకుంటది."

నిర్మల్‌లో దిగుతూ, ఏ ధ్యాసలో ఉన్నాడో, కాగితం కోసం చెయ్యి చాపాడు.

నేను దాన్ని సీటు మీద పెట్టాను.